విన్న మాట, తెలుసుకున్న నిజం: ఖమ్మం నేర్పిన పాఠం



ఒక తల్లి తన పన్నెండేళ్ల కూతురిని జ్వరానికి చూపించడానికి మన ఓ.పి.కి తీసుకొని వచ్చింది. మందులు తీసుకొన్న తరువాత గోడమీద ఉన్న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పోస్టరు చూసి నన్ను ఆపింది. "సిస్టరమ్మా, ఖమ్మంలో ఆడపిల్లలు చచ్చిపోయింది ఈ సూదితోనేనా? ఇది వేయిస్తే రేపు పిల్లలు పుట్టరంట కదా?" అని అడిగింది. ఆ పూట వార్డులో పని ఎక్కువగా ఉంది. "అవన్నీ పుకార్లమ్మా, నమ్మకండి" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాను. ఆమె మరేమీ అడగలేదు. టీకా వేయించకుండానే పిల్లను తీసుకొని ఇంటికి వెళ్లింది.

ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పని చేస్తున్న నేను ఆ రోజు చెప్పిన జవాబు సరియైనది కాదు. ఆమె విన్నదంతా పుకారు కాదు. అందులో కొంత నిజం ఉంది, కొంత అబద్ధం ఉంది. నిజమున్న మాటను కూడా మనం "పుకారు" అని కొట్టివేస్తే, తరువాత మనం చెప్పే నిజాన్ని ఎవరు నమ్ముతారు? కనుక ఈ పాఠంలో ఆ తల్లి అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పదలచాను. మీ ఇంట్లో ఆడపిల్ల ఉన్న యెడల తప్పక చదవండి.

ఈ వ్యాధి ఏమిటి?

గర్భసంచి కింది భాగాన్ని గర్భాశయ ముఖద్వారం అంటారు. అక్కడ వచ్చే క్యాన్సరుకు దాదాపు అన్ని సందర్భాల్లోనూ కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. దీనినే క్లుప్తంగా హెచ్.పి.వి. అంటారు. ఈ సంగతి కనుగొన్న జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్ దాంపత్య సంబంధం ద్వారా వ్యాపిస్తుంది. చాలామంది స్త్రీలలో దానంతట అదే పోతుంది. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోయి క్యాన్సరుగా మారుతుంది. ఇందులో అనేక రకాలున్నాయి. 16, 18 అనే రెండు రకాలే సుమారు 70 శాతం క్యాన్సర్లకు కారణం.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. వార్డులో మేము చూసే వారిలో చాలామంది ఆలస్యంగా వచ్చినవారే. "తెల్లబట్టే కదా అనుకొన్నాను", "ముట్టు ఆగిన తరువాత కనబడితే వేడి చేసిందనుకొన్నాను" అని చెబుతారు. అప్పటికి జబ్బు ముదిరి ఉంటుంది. పిల్లల పెళ్లిళ్లు కూడా కాని వయస్సులో తల్లి మంచాన పడితే ఆ ఇల్లు ఏమవుతుందో మీకు తెలుసు.

ఖమ్మంలో ఏమి జరిగింది?

2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హెచ్.పి.వి. టీకా కార్యక్రమం ఒకటి మొదలయింది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీనిని చేపట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి టీకా వేశారు. వీరిలో చాలామంది గిరిజన కుటుంబాలవారు, హాస్టళ్లలో ఉండి చదువుకొనేవారు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇటువంటి కార్యక్రమమే జరిగింది.

తరువాత కొన్ని నెలల్లో టీకా వేయించుకొన్న బాలికల్లో ఏడుగురు చనిపోయారు. ఐదుగురు మన ప్రాంతంవారు, ఇద్దరు గుజరాత్ వారు. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపివేసి విచారణ కమిటీ వేసింది. మన ప్రాంతంలోని ఐదుగురిలో ఒకరు క్వారీ నీటిలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇద్దరు పురుగుల మందు వలన, ఒకరు మలేరియా ముదిరి చనిపోయినట్లు తేలింది. గుజరాత్‌లో ఒకరు జ్వరంతో, ఒకరు తీవ్రమైన రక్తహీనతతో పోయారు. ఈ మరణాలకు టీకా కారణమని చెప్పడానికి కమిటీకి ఆధారం కనబడలేదు.

మన భాషలో కాకతాళీయం అనే మాట ఉంది. కాకి వచ్చి వాలడం, అదే సమయానికి తాటిపండు రాలడం. కాకి వాలినందువలననే పండు రాలిందని చూసినవారు అనుకొంటారు. పద్నాలుగు వేల మంది పిల్లలను నెలల తరబడి గమనిస్తే, టీకా వేసినా వేయకపోయినా, వారిలో జబ్బులు, ప్రమాదాలు, మరణాలు కూడా కొన్ని జరుగుతాయి. ఒకదాని తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాదు. పాము కాటుకు టీకాకు సంబంధం లేదని మనందరికీ తెలుసు. అయినా "టీకా వేశారు, పిల్లలు పోయారు" అన్న రెండు ముక్కలే ఊరూరా తిరిగాయి. మధ్యలోని వివరాలు ఎవరికీ చేరలేదు.

అయితే తప్పు ఏమీ జరగలేదా?

జరిగింది. దానిని దాచకూడదు. పిల్లకు టీకా వేయాలంటే తల్లిదండ్రులకు విషయం వివరించి, వారి సమ్మతి తీసుకోవాలి. పరిశీలించిన 9,543 ఫారాల్లో 2,763 ఫారాలపై సంతకం చేసినది హాస్టల్ వార్డెన్లు! వేలిముద్రలు వేసిన ఫారాలు మరో 1,948. అంటే బిడ్డకు ఏమి వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. ఏదైనా ఇబ్బంది వస్తే వెంటనే నమోదు చేసే ఏర్పాటు కూడా సరిగా లేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఈ లోపాలను గట్టిగా విమర్శించింది. మరణాల విచారణ కూడా ఇంకా లోతుగా జరగవలసిందని తప్పు పట్టింది.

ఇక్కడ రెండు సంగతులను విడివిడిగా చూడాలి. టీకా మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న. దానిని వేసిన పద్ధతి మంచిదా కాదా అన్నది మరొక ప్రశ్న. ఖమ్మంలో పద్ధతి సరిగా లేదు. ఆ కోపం న్యాయమైనదే. కాని ఆ కోపం టీకా మీదికి మళ్లింది. పేదవారి పిల్లలేగదా, అడగనక్కరలేదు అనుకొన్నచోట నమ్మకం పోయింది. పోయిన నమ్మకాన్ని తిరిగి తేవడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది.

మరి టీకా క్షేమమైనదని ఎలా తెలుసు?

ఒక్క ఖమ్మాన్ని చూసి ఎవరూ చెప్పలేదు. ఈ టీకా 2006 నుండి ప్రపంచంలో వాడుకలో ఉంది. 2017 నాటికే 27 కోట్లకు పైగా డోసులు పంపిణీ అయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆ అనుభవాన్నంతా పరిశీలించారు. తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసులకు ఇద్దరికంటే తక్కువ మందికి వచ్చింది. సూది భయంతో కొందరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోవడం కూడా కనబడింది. వీటికి మించిన ప్రమాదమేదీ తేలలేదు. టీకా వలన సంతానం కలగదనడానికి ఆధారం లేదు.

ప్రయోజనం మాట చూడండి. స్వీడన్‌లో పదహారు లక్షల మందికి పైగా అమ్మాయిలను, యువతులను గమనించి 2020లో ఫలితాలు ప్రచురించారు. 17 ఏళ్లు నిండకముందే టీకా వేయించుకొన్నవారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువగా కనబడింది. స్కాట్లండులో 12, 13 ఏళ్ల వయస్సులో పూర్తిగా టీకా వేయించుకొన్నవారిలో ఒక్కరికి కూడా ఈ క్యాన్సర్ రాలేదని 2024లో ప్రకటించారు.

భయం వలన కలిగే నష్టం

చదువుకొన్న దేశాలకు ఇటువంటి భయాలు రావనుకోకండి. జపాన్‌లో టీకా తరువాత నొప్పులు, నడవలేకపోవడం వంటి బాధలు వచ్చాయని టి.వి.లలో, పత్రికల్లో కథనాలు వచ్చాయి. 2013 జూన్‌లో అక్కడి ప్రభుత్వం టీకాను సిఫారసు చేయడం ఆపివేసింది. సుమారు 70 శాతం మంది బాలికలు వేయించుకొంటున్న టీకా ఒక శాతం కంటే కిందికి పడిపోయింది. తరువాత నగోయా నగరంలో సుమారు 30,000 మందిని పరిశీలించారు. టీకా వేయించుకొన్నవారిలోను, వేయించుకోనివారిలోను ఆ బాధలు ఒకే విధంగా ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం మరల సిఫారసు చేసింది. మధ్యలో పోయిన కాలం వలన మున్ముందు 5,000కు పైగా స్త్రీలు చనిపోవచ్చునని 2020లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

మన దేశంలోనే ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. 2018లో సిక్కిం రాష్ట్రం 9 నుండి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకా వేయించింది. ముందుగా ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో, విలేకరులతో మాట్లాడి, వారి సందేహాలు తీర్చి తరువాత పని మొదలుపెట్టారు. సుమారు 97 శాతం మంది బాలికలు టీకా వేయించుకొన్నారు. ఖమ్మానికి, సిక్కింకు తేడా ముందుగా చెప్పడంలోనే ఉంది.

మరొక సంగతి. 2009లో మన దేశంలో పలుచోట్ల ఒక వేరే పరిశోధన కూడా జరుగుతూ ఉంది. 2010లో అన్నీ ఆగిపోవడంతో అందులో సుమారు 5,000 మంది బాలికలకు ఒక్క డోసు మాత్రమే పడింది. వారిని పదేళ్లపాటు గమనిస్తే ఆ ఒక్క డోసు కూడా బాగా కాపాడుతున్నట్లు తేలింది. 2021లో ఈ ఫలితాలు వచ్చాయి. 2022 డిసెంబరులో, 20 ఏళ్లలోపు ఆడపిల్లలకు ఒక్క డోసు వేసినా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో తయారైన సెర్వావాక్ టీకాకు కూడా 2022లోనే అనుమతి లభించింది.

తల్లులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: పెళ్లి కూడా కాని పిల్లకు ఇప్పుడే ఎందుకు?
జవాబు: వైరస్ సోకకముందు వేస్తేనే టీకా బాగా పని చేస్తుంది. కనుక 9 నుండి 14 ఏళ్లు తగిన వయస్సు. ఇది పిల్ల నడవడికకు సంబంధించిన విషయం కాదు.

ప్రశ్న: టీకా వలననే ఆ జబ్బు వస్తుందా?
జవాబు: రాదు. టీకాలో వైరస్ పైపొర వంటి ప్రోటీను మాత్రమే ఉంటుంది. జబ్బు కలిగించే భాగం అందులో లేదు.

ప్రశ్న: టీకా తరువాత ఏమి జరగవచ్చు?
జవాబు: చేయి నొప్పి, కొద్దిపాటి వాపు, జ్వరం, తలనొప్పి రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. కళ్లు తిరగవచ్చు గనుక పిల్లను అరగంటసేపు ఇక్కడే కూర్చోబెట్టండి.

ప్రశ్న: ఎవరికి వేయకూడదు?
జవాబు: గర్భిణులకు, ముందు డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారికి వేయకూడదు. బాగా జ్వరం ఉంటే తగ్గిన తరువాత రండి. మీ పిల్లకు ఎన్ని డోసులు కావాలో డాక్టరుగారు చెబుతారు.

ప్రశ్న: టీకా వేయించుకొంటే పరీక్ష అక్కరలేదా?
జవాబు: అవసరమే. టీకా అన్ని రకాల వైరస్‌లను ఆపలేదు. 30 నుండి 65 ఏళ్ల స్త్రీలు అయిదేళ్లకొకసారి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. తల్లులారా, పిల్లకు టీకా వేయించి మీ పరీక్ష మరచిపోకండి.

ఏదైనా మాట విన్నప్పుడు

వాట్సాప్‌లో వచ్చినా, బోరింగు దగ్గర విన్నా, చివరకు మా నోట విన్నా సరే, ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. ఈ మాట మొదట ఎవరు చెప్పారు? ఊరు, సంవత్సరం ఉన్నాయా?
2. ఒకదాని తరువాత మరొకటి జరిగిందా, లేక ఒకదాని వలన మరొకటి జరిగిందా?
3. టీకా వేయించుకోనివారిలో కూడా అదే జరుగుతూ ఉందా?
4. దీనిలో నిజమైన భాగం ఎంత, కలిపిన భాగం ఎంత?

సమ్మతి ఫారం ఇచ్చినప్పుడు చదివించుకొని వినండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. ఎన్ని ప్రశ్నలైనా అడగడం మీ హక్కు, చెప్పడం మా పని. జవాబు చెప్పడానికి విసుక్కొనే నర్సు తప్పు చేస్తున్నట్టే. ఆ తప్పు నేను కూడా చేశాను గనుక చెబుతున్నాను.

కొన్ని నెలల తరువాత ఆ తల్లి స్త్రీల కూటంలో మరల కనబడింది. ఈసారి నేనే వెళ్లి పక్కన కూర్చొని ఖమ్మం సంగతి మొదటినుండి చెప్పాను. మునిగిపోయిన పాప గురించి చెప్పాను, వార్డెన్ల సంతకాల గురించి కూడా చెప్పాను. అంతా విని, "మరి ఆ రోజే ఇట్లా చెప్పి ఉంటే అయిపోయేది కదమ్మా" అంది. ఇంటాయనతో మాట్లాడి వస్తానని చెప్పి వెళ్లింది. ఇంకా రాలేదు. ఆమె ఎప్పుడు వచ్చినా, ఏమి అడిగినా జవాబు చెప్పాలని మా నర్సులందరికీ చెప్పి ఉంచాను.

గుర్తుంచుకోవలసినవి

• దాంపత్యం తరువాత, రెండు నెలసరుల మధ్య, లేదా ముట్టు ఆగిన తరువాత రక్తం కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా చూపించుకోండి.
• 9 నుండి 14 ఏళ్ల ఆడపిల్లకు హెచ్.పి.వి. టీకా గురించి డాక్టరుగారిని అడగండి.
• మీకు వివరించకుండా, మీ సమ్మతి లేకుండా మీ బిడ్డకు ఎవరూ టీకా వేయకూడదు.
• సందేహాన్ని ఇంటికి తీసుకొని వెళ్లకండి. ఇక్కడే అడిగి తీర్చుకొని వెళ్లండి.

నర్సింగ్ సూపరింటెండెంట్