పసిబిడ్డల వెన్నువంకర - కట్టు, బ్రేసు

మన పల్లెలలో పసిబిడ్డకు తలంటు అమ్మమ్మ కాళ్ళు చాపి బిడ్డను బోర్లా పరుండబెట్టుకొనును. బిడ్డ వీపు అప్పుడామె కన్నులయెదుటనే యుండును. వెన్నెముక ఒక ప్రక్కకు విల్లువలె వంగినదా, ఒకవైపు పక్కటెముకలు ఉబ్బెత్తుగా నున్నవా అని చూచుటకు అంతకంటె మంచి తరుణము లేదు. వంకర కనిపించినచో మర్దనతో సరిచేయ యత్నింపక, ఎముకల వైద్యునకు చూపవలెనని మా మనవి.

మూడేండ్లలోపు కనిపించు వంకరలలో పెక్కు వాటంతటవే సరియగును. కొన్ని మాత్రము బిడ్డతోపాటు పెరిగి ఊపిరితిత్తులకు చోటు చాలకుండ చేయును. ఏది తగ్గునో, ఏది పెరుగునో కంటితో చెప్పజాలము. ఇంగ్లండులో పనిచేసిన మిన్ మెహతా అను శస్త్రవైద్యురాలు 1972లో దీనికొక కొలత చూపెను. ఎక్స్‌రే చిత్రమున వెన్నుపూసతో కుడియెడమల పక్కటెముకలు చేయు కోణముల భేదము 20 డిగ్రీలు మించినచో, వంకర పెరుగునదని తలంపవలెను.

ఆమెయే 2005లో 136 మంది బిడ్డల చికిత్సాఫలితములను ప్రకటించెను. సగటున 19 నెలల వయసున, 32 డిగ్రీల వంకరతో వచ్చిన 94 మందికి సుమారు మూడున్నర యేండ్లకు వెన్ను చక్కబడెను. సగటున 30 నెలల వయసున, 52 డిగ్రీల వంకరతో వచ్చిన 42 మందికి వంకర తగ్గినదేగాని పోలేదు. వారిలో 15 మందికి పిమ్మట వెన్నుపూసలను అతుకు శస్త్రచికిత్స జరిగెను. ఈ రెండు జట్ల నడుమ వయోభేదము పదకొండు నెలలే!

ఈ చికిత్సలో బిడ్డ పెరుగుదలయే మందు. మొదటి యేండ్లలో వెన్ను వడిగా పెరుగును. బిడ్డకు మత్తిచ్చి, వెన్నును సాగదీసి, మెలిక త్రిప్పి, మొండెమునకు ప్లాస్టరు కట్టు వేయుదురు. లేత తీగ ఊతకర్ర వెంట సాగినట్లు వెన్ను ఆ దారినే పెరుగును. రెండు మూడు నెలలకొకసారి కట్టు మార్చుదురు. వంకర తీరిన పిమ్మట ప్లాస్టిక్ బ్రేసు తొడుగుదురు. చిన్న వంకరకు తొలుతనే బ్రేసు ఇచ్చుటయు కలదు.

కట్టు తడవరాదు, తడిగుడ్డతో ఒళ్ళు తుడువవలెను. పొట్ట బిగువుగా నుండును గనుక అన్నము కొద్దికొద్దిగా పలుమారులు పెట్టవలెను. బ్రేసు క్రింద పలుచని నూలు బనియను తొడుగవలెను. విప్పినపుడు కనిపించు ఎరుపు అరగంటలో తగ్గకున్నచో బ్రేసు చేసినవారికి చూపవలెను.

తొలిదినములలో బిడ్డ ఏడ్చును. చుట్టములు "పసివానికేల ఈ శిక్ష?" అందురు. తల్లి మనసు కరిగి రాత్రులు విప్పివేయును. ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. అయినను బ్రేసు పనిచేయునది ఒంటిమీద నున్నంతసేపే. అలవాటైన బిడ్డ దానితోనే ప్రాకును, నడచును, ఆడుకొనును. వేసవిలో చెమటపొక్కులు లేచినచో బ్రేసును అటకెక్కింపక, ఎన్ని గంటలు విప్పవచ్చునో వైద్యునే అడుగవలెను.