కడుపులో బిడ్డ కదలిక: కపిలుడు చెప్పింది, ఉత్తర చూపించింది



ఈ వారం వీడియోలో భాగవతం మూడో స్కంధంలోని కపిల గీత గురించి చెప్పుకున్నాం కదా. అందులో గర్భంలో జీవుడు ఎలా ఉంటాడో చెప్పే భాగానికి విడిగా చోటు కావాలనిపించి ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా కడుపుతో ఉంటే, లేదా మీ ఇంట్లో అక్కో, వదినో, మీ భార్యో ఉంటే, దీన్ని చివరిదాకా చదవండి.

కొడుకు తల్లికి చెప్పిన పాఠం

కపిలుడు ఈ మాటలు చెప్పింది తన తల్లి దేవహూతికే. తొమ్మిది మంది ఆడపిల్లల్ని, ఆ తర్వాత కపిలుణ్ణి కన్న తల్లి ఆమె. అలాంటి తల్లికి, లోపల ఉన్నవాడికి ఎలా ఉంటుందో కొడుకు చెబుతున్నాడు. అయిదో నెలకి ఆకలిదప్పులు పుడతాయట. ఆరో నెలలో మావి పొర చుట్టుకుని కడుపులో కదులుతాడట. ఏడో నెలకి తెలివి వచ్చి, ఒక్కచోట ఉండలేక, చేతులు జోడించి భగవంతుణ్ణి వేడుకుంటాడట. ఈ లెక్క మన స్కానింగ్ రిపోర్టుతో అచ్చంగా కలవాలని పట్టుబట్టక్కర్లేదు. నాకు ఇందులో అర్థమైంది ఒక్కటే: లోపలున్నది ఒక ప్రాణి. దానికి ఆకలి ఉంది, బాధ ఉంది, చెప్పుకోవాల్సిన మాట ఉంది. కదలికే దాని మాట.

పెద్దలు కూడా ఈ కదలికని గుర్తుపెట్టుకునే కాలం లెక్కగట్టారు. పుంసవనం ఎప్పుడు చేయాలో చెబుతూ, గర్భంలో స్పందన మొదలవక ముందే అని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది.

ఎప్పుడు తెలుస్తుంది?

బిడ్డ చాలా ముందే కదలడం మొదలుపెడుతుంది. స్కానింగ్‌లో రెండో నెల చివరికే చిన్న కదలికలు కనిపిస్తాయి. తల్లికి తెలిసేది మాత్రం సాధారణంగా 16 నుంచి 24 వారాల మధ్య. మొదటి కాన్పయితే 20వ వారం దాటాక కూడా తెలియొచ్చు. నాకు మొదటిసారి 20వ వారంలో తెలిసింది, నీళ్లలో చిన్న బుడగ పగిలినట్టు. రెండోసారి చాలా ముందే గుర్తుపట్టాను. మాయ, అంటే ప్లాసెంటా, ముందువైపు ఉంటే ఇంకొంచెం ఆలస్యమవుతుంది. 24 వారాలు నిండినా ఏమీ తెలియకపోతే డాక్టర్‌కి చెప్పాలి.

రోజుకి ఇన్నిసార్లే కదలాలి అన్న లెక్క అందరికీ ఒకేలా ఉండదు. మీ బిడ్డకి ఒక అలవాటు ఉంటుంది. కొందరు రాత్రి అమ్మ నడుం వాల్చగానే మొదలుపెడతారు. మా చిన్నది సాయంత్రం నేను లలితా సహస్రనామం చదివే వేళకి సరిగ్గా తన్నేది. మధ్యలో నిద్ర కూడా ఉంటుంది, మామూలుగా 20 నుంచి 40 నిమిషాలు. ఆ అలవాటు మీకు తెలిసి ఉండటమే ముఖ్యం. రోజూ కాసేపు ఫోన్ పక్కన పెట్టి, పొట్టమీద చెయ్యి వేసుకుని కూర్చోండి. నా దృష్టిలో అదీ ధ్యానమే.

"నెలలు నిండాక కదలిక తగ్గుతుందిలే"

ఈ మాట మన ఇళ్లలో చాలా ప్రేమగా చెబుతారు. మా అత్తయ్య కూడా అన్నారు, "బిడ్డ పెద్దదయింది, లోపల చోటు చాలడం లేదమ్మా, అందుకే" అని. నాకప్పుడు 34వ వారం. రోజూ సాయంత్రం తన్నే పిల్ల ఆ రోజు తన్నలేదు. పారాయణ మధ్యలో ఆపి డాక్టర్‌కి ఫోన్ చేశాను, వెంటనే రమ్మన్నారు. పొట్టకి బెల్టులు కట్టి బిడ్డ గుండె చప్పుడు చూశారు. అంతా బాగానే ఉంది. డాక్టర్ గారు చెప్పింది ఇదీ: 32వ వారం దాకా కదలికలు పెరుగుతాయి, ఆ తర్వాత కాన్పు దాకా దాదాపు అలాగే ఉంటాయి. తీరు మారొచ్చు, తన్నడం పోయి దొర్లినట్టు అనిపించొచ్చు, కానీ తగ్గకూడదు. అత్తయ్య ఆ మాట విని, తర్వాత రోజూ ఆవిడే అడిగేవారు, "ఇవాళ బాగా కదిలిందా?" అని.

చాలాసార్లు ఇలాగే క్షేమంగా తేలుతుంది. కానీ కొన్నిసార్లు, బిడ్డకి ఆక్సిజన్ సరిగా అందడం లేదనడానికి మొదటి గుర్తు కదలిక తగ్గడమే. అప్పుడు త్వరగా వెళ్లడం ప్రాణాన్ని కాపాడొచ్చు.

ఉత్తర ఆగలేదు

భాగవతం మొదటి స్కంధం గుర్తు చేసుకోండి. అశ్వత్థామ అస్త్రం తన గర్భం మీదకి వస్తోందని ఉత్తరకి తెలిసింది. భర్త అభిమన్యుడు లేడు. ఇంటినిండా పెద్దలున్నారు. శ్రీకృష్ణుడు ద్వారకకి బయల్దేరి రథమెక్కాడు. ఉత్తర మొహమాటపడలేదు, ఎవరేమనుకుంటారో అని చూడలేదు. నేరుగా పరుగెత్తింది. నన్ను కాల్చినా సరే, నా బిడ్డని కాపాడు అని అడిగింది. ఆయన గర్భాన్ని కమ్ముకుని కాపాడాడు. ఆ బిడ్డే పరీక్షిత్తు.

భక్తి అంటే కదలకుండా కూర్చోవడం అనుకునేవాళ్లకి ఉత్తర కథ చెప్పాలి. ఆమె భక్తి పరుగు రూపంలో ఉంది. మనకి ఆ పరుగు ఆస్పత్రి వైపు. దారిలో విష్ణు సహస్రనామం చదువుకోండి, తప్పకుండా చదువుకోండి. పారాయణ పూర్తయ్యాక బయల్దేరదాం అని మాత్రం అనుకోవద్దు.

గుర్తుంచుకోవాల్సినవి

- 28 వారాల తర్వాత కదలిక తగ్గిందేమో అని సందేహంగా ఉంటే, ఎడమవైపుకి ఒత్తిగిలి పడుకుని గమనించండి. రెండు గంటల్లో 10 కదలికలు తెలియకపోతే వెంటనే ఫోన్ చేయండి.
- బాగా తగ్గిందనో, ఆగిపోయిందనో అనిపిస్తే ఆ రెండు గంటలు కూడా ఆగొద్దు. అర్ధరాత్రయినా వెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.
- చల్లటి నీళ్లు, స్వీటు తీసుకుని చూద్దాం అని కాలయాపన చేయొద్దు. ఇంట్లో డాప్లర్‌తో గుండె చప్పుడు విని సరిపెట్టుకోవద్దు.
- ఒకసారి బాగానే ఉందన్నాక మళ్లీ తగ్గినా, మళ్లీ వెళ్లండి. విసిగిస్తున్నామేమో అన్న ఆలోచనే వద్దు.

భర్తలకి ఒక మాట. రాత్రి రెండింటికి ఆమె నిద్ర లేపి "ఎందుకో కదలడం లేదు" అంటే, "పొద్దున చూద్దాం" అనకండి. బండి తాళాలు తీసుకోండి.

కడుపుతో ఉన్న ప్రతి తల్లికీ, లోపలున్న ప్రతి చిన్న ప్రాణానికీ ఆ శ్రీకృష్ణుడి రక్ష ఉండాలి. శుభం.