అందరికీ లోన్ ఇచ్చేస్తే 70 మార్కులు!



లోన్ కోసం వెళ్తే బ్యాంకువాళ్ళు జీతం వివరాలు, పాత ఈఎంఐలు, సిబిల్ స్కోర్ అన్నీ చూస్తారు. ఈ మనిషి తిరిగి కడతాడా లేదా అని ముందే అంచనా వేసుకోవాలి కదా! పాత ఖాతాదారుల రికార్డులను కంప్యూటర్‌తో జల్లెడ పట్టి, ఆ అంచనాకు పనికొచ్చే పోలికలను వెతకడమే డేటా మైనింగ్. ఈ నెల పదో తరగతిలో సంభావ్యత పాఠం అయ్యాక, దీని మీద ఒక పీరియడ్ తీసుకున్నాను.

మేం తీసుకున్న ఉదాహరణ 'జర్మన్ క్రెడిట్ డేటా'. హాంబర్గ్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ హాన్స్ హాఫ్‌మన్ ఇచ్చిన ఈ పట్టిక 1994 నుంచి పరిశోధకులకు అందుబాటులో ఉంది. అందులో 1,000 మంది లోన్ తీసుకున్నవారు, ఒక్కొక్కరి గురించి 20 వివరాలు ఉన్నాయి: ఖాతాలో నిల్వ, పాత అప్పుల చరిత్ర, లోన్ మొత్తం, గడువు, ఉద్యోగం ఎన్నేళ్ళుగా ఉంది వంటివి. 700 మందిని 'మంచి', 300 మందిని 'రిస్క్' అని గుర్తించారు.

కంప్యూటర్ కొన్ని రికార్డులను చూసి నేర్చుకుంటుంది. మిగిలినవి దాచి ఉంచి, వాటితో దానికి పరీక్ష పెడతారు. చదివిన లెక్కలనే పరీక్షలో ఇస్తే ఎవరికి ఎంత వచ్చిందో తెలియదు కదా!

"ఒక మంచి రూల్ చెప్పండి" అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి, "అందరికీ ఇచ్చేద్దాం మేడమ్, 70 శాతం రైట్ అవుతుంది!" అన్నాడు. క్లాసంతా నవ్వింది. కానీ లెక్క ప్రకారం అది నిజమే. అప్పుడు ఆ పట్టికతో పాటు వచ్చే నష్టాల లెక్క బోర్డు మీద రాశాను. కట్టలేనివారికి లోన్ ఇస్తే నష్టం 5, కట్టగలిగేవారికి ఇవ్వకపోతే నష్టం 1.

అందరికీ ఇస్తే: 300 × 5 = 1,500.
ఎవరికీ ఇవ్వకపోతే: 700 × 1 = 700.

70 శాతం రైట్ అయిన రూల్‌కే రెట్టింపు కంటే ఎక్కువ నష్టం! ఈ లెక్కన ఒకే రకం వివరాలున్న ఆరుగురిలో ఒకరు కట్టకపోతే, ఇచ్చినా ఇవ్వకపోయినా నష్టం సమానం. ఆరింట ఒక వంతు కంటే రిస్క్ పెరిగితే బ్యాంకు వెనకడుగు వేస్తుంది. ఈ ఆరింట ఒక వంతును పిల్లలే లెక్కగట్టారు.

చివర్లో ఒక అమ్మాయి లేచి, "కట్టగలిగినా లోన్ రానివాళ్ళ సంగతేంటి మేడమ్?" అని అడిగింది. ఆ పీరియడ్‌లో వచ్చిన మంచి ప్రశ్న అదే. పట్టికలో ఆ నష్టం 1 మాత్రమే. ఆ ఇంట్లో మాత్రం అది ఒక కాలేజీ సీటు కావచ్చు. పైగా, లోన్ ఇవ్వనివారు కట్టేవారో లేదో బ్యాంకుకు ఎప్పటికీ తెలియదు. అంటే ఈ తప్పు రికార్డుల్లోకే ఎక్కదు. ఆ 20 వివరాల్లో వయసు, ఆడా మగా అన్నవి కూడా ఉన్నాయి. వాటిని బట్టి లోన్ కాదనడం న్యాయమా? అది కంప్యూటర్ తేల్చే విషయం కాదు, మనుషులే తేల్చుకోవాలి.

మీరూ ఒక పని చేయండి. మన క్రెడిట్ రిపోర్టును ఏడాదికి ఒకసారి ఉచితంగా తీసుకోవచ్చు. పెద్ద పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. తప్పులుంటే సరిచేయించుకోండి. రేపు పిల్లల ఎడ్యుకేషన్ లోన్‌లో సహ రుణగ్రహీతగా మీరు సంతకం చేస్తే, ఆ వాయిదాల చరిత్ర మీ రిపోర్టులోనూ చేరుతుంది.

ఇంకో మాట. ఈసారి ప్రోగ్రెస్ కార్డులో 70 శాతం కనిపిస్తే, ఆ అంకె దగ్గరే ఆగిపోకండి. పోయిన 30 మార్కులు ఎక్కడ పోయాయో పిల్లలతో కలిసి చూడండి. కూడికలో తొందరపాటు వేరు, పాఠమే అర్థం కాకపోవడం వేరు.