షెడ్డుకు ఎంత లోడు రాయించాలె?

బిడ్డా,

తరిగొప్పులల ఇంటెనుక రేకుల షెడ్డు లేచిందని, వెల్డింగు మిషను కొన్నవని మీ నాయన ఫోన్ల చెప్పిండు. సంతోషం. మీటరుకు దరఖాస్తు పెట్టే ముందు ఇది చదువు.

మిషన్లన్నీ కలిపి లెక్క కట్టకు. ఒక్కసారే ఏవేవి నడుస్తయో అవి కూడు. పది నంబరు రాడ్డు కాలిస్తే వెల్డింగు మిషను సింగిల్ ఫేజు మీద 20 ఆంపియర్ల పైనే గుంజుతది. రెండు హెచ్‌పీ కంప్రెషర్ తిరిగేటప్పుడు పదో, పదకొండో చాలు గాని, లేచేటప్పుడు ఒక్క క్షణం అయిదారింతలు అడుగుతది. అది నువ్వు చెప్పినప్పుడు లేవదు, ట్యాంకుల గాలి తగ్గినప్పుడు లేస్తది. నా మొదటి షెడ్డుల ఇంటి మీటరు మీదనే రెండూ నడిపిన. ఇక్కడ రాడ్డు అంటుకుంటాంది, అక్కడ మోటరు లేవలేక మూలుగుతాంది. కాయిలు కాలిన వాసన వచ్చేదాక నాకు తెల్వలె. రీవైండింగుకు ఆ నెల సంపాదన పాయె.

ఒక్కనివే వెల్డింగు, గ్రైండింగు చేసుకుంటే 5 కిలోవాట్ల సింగిల్ ఫేజు సరిపోతది. కంప్రెషర్, కటింగు మిషను పెట్టి, పనికి ఒకణ్ని తీసుకునే ఆలోచనుంటే త్రీఫేజు 8 కిలోవాట్లు రాయించు. మిషన్లను మూడు ఫేజులకు పంచి కలుపమను. ఎందుకైనా మంచిదని 15 రాయిస్తే మాత్రం, షెడ్డు మూసున్న నెల కూడా కిలోవాటు లెక్కన ఫిక్స్‌డ్ చార్జీ కట్టాలె.

మీటరు కాడినుంచి షెడ్డుకు 60 మీటర్లుంటదట. 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగెల 25 ఆంపియర్లు పోతే 13 వోల్టులు దారిలనే పోతయి. 10 స్క్వేర్ ఎంఎం అయితే అయిదే. ఎండకాలం వోల్టేజీ ఎట్లుంటదో నీకు నేను చెప్పాల్నా? తీగె కాడ పిసినారితనం వద్దు.

ఇంకొకటి. 2018 జనవరి 1 నుంచి బాయి మోటర్లకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది కదా అని ఆ లైను మీద చెయ్యి వెయ్యకు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాక జీరో బిల్లు వచ్చే ఇంటి మీటరు మీద కూడా గిరాకీ పని చెయ్యకు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెండింతల రేటు కట్టిస్తరు. షెడ్డుకు వేరే మీటరే పెట్టించు. ఏ కేటగిరీల వస్తదో ఎన్‌పీడీసీఎల్ ఏఈ ఆఫీసుల అడిగి రాయించుకో.

ఎర్తింగుకు గుంత తవ్వేనాడు ఫోను చెయ్యి. ఉప్పు, బొగ్గు నేను పట్టుకొస్త.

మీ కాక