రబ్బరు అచ్చులు, కాగితపు చేతిపని: పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన సంగతులు

పంచాయతీ కార్యాలయములో బల్లపై నుండు రబ్బరు ముద్రను ఎరుగని సభ్యుడు ఉండడు. తీర్మానముల ప్రతులపైనను, ధ్రువపత్రములపైనను అది పడనిదే పని సాగదు. రబ్బరు ముక్కపై అక్షరములు ఉబ్బెత్తుగా నిలిచి యుండును. వాని చుట్టును పల్లముగా నుండును. సిరా దిండుపై ఒత్తినపుడు ఉబ్బిన భాగమునకు మాత్రమే సిరా అంటును. కాగితముపై ఒత్తినపుడు ఆ భాగమే పడును. దానిలోని కిటుకు ఇంతియే. అక్షరములకు బదులు మామిడిపిందెను, ముగ్గును, పిచ్చుకను చెక్కినచో ఇదే సూత్రముతో శుభలేఖలు, చదివింపుల కవర్లు, దుకాణముల సంచులు తయారగును. యంత్రము అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. గాలి వెలుతురు గల ఒక గదియు, కదలని నాలుగు బల్లలును చాలును.

ఇట్టి పనికై మహిళా సంఘములవారు పంచాయతీని గది అడుగుటయు, పాఠశాలవారు పిల్లలకు నేర్పించుటకు సాయము కోరుటయు కలదు. ఆ కోరిక సభకు వచ్చిననాడు ఔననుటకు గాని కాదనుటకు గాని సభ్యులకు పని లోతు కొంత తెలిసి యుండవలెను. శిక్షణ ముగిసి, పత్రములు పంచి, ఛాయాచిత్రము తీయించుకొన్న పిదప అచ్చులు మూలపడుట, మిగిలిన కాగితము చెదల పాలగుట మనము తరచు వినుచుండు సంగతియే. అందుకు నేర్చినవారి చేతకానితనము కారణమని నేననుకొనను. సరుకును ఎవరు కొందురో, ఏ ధరకు అమ్మవలెనో మొదటనే ఎవరును అడుగకపోవుట కారణము.

అచ్చు చెక్కుట

అచ్చుపని తెలుగువారికి క్రొత్త కాదు. కృష్ణా జిల్లా పెడనలో టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో బట్టపై కలంకారీ అద్దకము నేటికిని సాగుచున్నది. రబ్బరు ముద్ర దానికంటె చాల చిన్నది. పచ్చి రబ్బరు వేసవికి జిగురగును, చలికి పెళుసగును. దానిని గంధకముతో కలిపి కాచి గట్టిపరచు పద్ధతికి చార్లెస్ గుడ్‌యియర్ అను అమెరికావాసి 1844లో పేటెంటు పొందిన తరువాతనే రబ్బరు ముద్రలు సాధ్యమైనవి. నేడు పట్టణములలోని ముద్రల దుకాణములు కాంతి తగిలిన గట్టిపడు ద్రవముతోనో, లేజరు కిరణముతోనో అచ్చులు చేయుచున్నవి. బొమ్మలను గ్రామములో చేతితోనే చెక్కవచ్చును. చిన్న అక్షరములను మాత్రము ఆ దుకాణములలో చేయించుకొనుటయే మేలని నా అభిప్రాయము. కారణము ముందు చెప్పెదను.

చేతితో చెక్కుటకు పెన్సిలు గీతలు తుడుచు పెద్ద రబ్బరు ముక్క చాలును. పలుచని కాగితముపై మెత్తని పెన్సిలుతో బొమ్మ గీసి, దానిని రబ్బరుపై బోర్లించి గోటితో రుద్దవలెను. అపుడు రబ్బరుపై బొమ్మ కుడియెడమలు తారుమారై పడును. అచ్చు ఒత్తినపుడు అది మరల తారుమారై సరియైన రూపమునకు వచ్చును. నేర్చుకొనువారు ఈ మెట్టు దాటవేసి రబ్బరుపై నేరుగా వ్రాయుదురు. ‘శుభం’ అను మాట అద్దములో చూచినట్లు పడిన పిదప గాని పొరపాటు తెలియదు.

చెక్కుటలో ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. గీతకు ఇరువైపుల కోసిన గోడ చెరువుకట్ట వలె ఉండవలెను; పైన సన్నము, క్రింద వెడల్పు. కత్తిని లోపలికి వంచి గీత క్రింది రబ్బరును తొలచినచో మొదటి పది ముద్రలు చక్కగా వచ్చును, తరువాత ఒత్తిడికి గీత ప్రక్కకు ఒరిగిపోవును. వంపుల దగ్గర కత్తిని త్రిప్పరాదు. కత్తిని నిలిపి రబ్బరును త్రిప్పవలెను. కత్తి ఎప్పుడును ఎడమచేతి వ్రేళ్ళకు ఎదురుగా పోరాదు.

తెలుగు అక్షరములు గుండ్రనివి. చిన్న అచ్చులో వాని కడుపులు సిరాతో పూడిపోవును. ‘ప’కు తల విప్పి యుండును, ‘వ’కు మూసి యుండును, ఆ సందు పూడినచో ‘పండుగ’ కాస్త ‘వండుగ’ అగును. శుభలేఖపై ఇట్టి తప్పు పడినచో పెండ్లివారు కార్డు పుచ్చుకొనరు, పైకము ఈయరు. చేతితో అక్షరములు చెక్కదలచినచో కనీసము బొటనవ్రేలి గోరంత ఎత్తున చెక్కవలెను. అంతకంటె చిన్నవానిని పట్టణపు దుకాణమునకు విడువవలెనని పైన చెప్పినది ఇందుకే.

పిల్లలకు కత్తి ఈయనక్కరలేదు. పెద్దలు బెండకాయను అడ్డముగా కోసి ఇచ్చినచో అయిదు కోణముల పూవు దానంతట అదియే అచ్చగును. బంగాళాదుంపను రెండుగా కోసి, తడి తుడిచి, చెక్కి ఇచ్చినచో ఒక పూటకు పనికివచ్చును.

కాగితము, సిరా

ఈ పనిలో నష్టము ఎక్కువగా వచ్చునది కాగితము దగ్గర. కాగితమునకు గంజి గాని, అట్టి పూత మరియొకటి గాని పట్టియుండనిచో సిరా ఎండుటాకు ఈనెల వలె ప్రాకును. కొనుటకు ముందే కాగితపు మూలపై సిరాకలముతో ఒక గీత గీసి చూడవలెను. గీత అంచులు తెగినట్లుండిన తీసికొనవచ్చును; నూగు లేచినట్లుండిన విడువవలెను. దుకాణదారుడు విసుగుకొన్నను ఈ పరీక్ష మానరాదు.

చేతికాగితము ఈ పనికి బాగుగా అమరును. 1934లో గాంధీజీ వార్ధాలో అఖిల భారత గ్రామోద్యోగ సంఘమును నెలకొల్పి, జె.సి. కుమారప్పగారికి దాని బాధ్యత అప్పగించిన నాటినుండియు చేతికాగితము గ్రామోద్యోగములలో నొకటిగా నిలిచినది. జయపురము దగ్గరి సాంగానేరులో కుమారప్పగారి పేరనే జాతీయ చేతికాగితపు సంస్థ కలదు. పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమమువారి చేతికాగితపు శాల 1959 నుండి పనిచేయుచున్నది. బట్టల కర్మాగారములలో మిగిలిన నూలు పేలికలు ఈ కాగితమునకు మంచి ముడిసరుకు, చెట్టు నరకనక్కరలేదు.

యంత్రపు కాగితమునకు పోగు ఒక దిక్కున నడచును. కాగితమును రెండు దిక్కుల మెల్లగా వంచి చూచిన ఒక దిక్కున తేలికగా వంగును. మడత ఆ దిక్కుననే పెట్టవలెను. అడ్డముగా మడచిన అట్ట పగిలి తెల్లని చార పడును. జల్లెడతో ఎత్తిన చేతికాగితమునకు ఈ బాధ దాదాపు లేదు. దళసరి అట్టను మడచుటకు ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో కొలబద్ద ప్రక్కన గట్టిగా ఒక గీత లాగినచో మడత నిటారుగా నిలుచును.

తపాలాలో పంపు కార్డునకు బరువు కూడ చూచుకొనవలెను. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగు అట్టలో ఎ4 కాగితము ఒక్కటి సుమారు 18.7 గ్రాములుండును. దానిని నడిమికి మడచి కార్డుగా చేసి కవరులో పెట్టినచో ఉత్తరములకు పెట్టిన 20 గ్రాముల మొదటి మెట్టు దాటిపోవును, తపాలా రుసుము పెరుగును. అదే కాగితమును రెండుగా కోసి రెండు చిన్న కార్డులు చేసినచో ఒక్కొక్కటి 10 గ్రాముల లోపే ఉండును, కవరు కలిసినను మొదటి మెట్టులోనే పోవును.

సిరాలు రెండు రకములు. కాగితములోనికి ఇంకి త్వరగా ఆరునది ఒకటి. అది ఎండకు వెలిసిపోవును. కార్యాలయపు ఊదారంగు సిరా సాధారణముగ ఇట్టిదే. పొడిరంగుతో కూడి కాగితముపైననే నిలిచి ఆలస్యముగా ఆరునది రెండవది. అది చిరకాలము నిలుచును. దాచుకొను కార్డులకు రెండవది వాడవలెను, కాని ఒకదానిపై నొకటి పేర్చక తీగెపై ఆరవేయవలెను. పెద్ద అచ్చును దిండుపై ఒత్తుటకంటె, అచ్చును వెల్లకిల పెట్టి దిండుతో తట్టుట మంచిది; సిరా అంతట సమముగా అంటును. కాగితము క్రింద నాలుగు మడతల వార్తాపత్రిక పరచి, అచ్చును ఊపక, నిలువుగా ఒత్తి నిలువుగా ఎత్తవలెను. ఎత్తుటలో చేయి వణికిన బొమ్మకు నీడ పడును.

కొనువారు, లెక్క

పండుగ శుభాకాంక్షల కార్డులు తపాలాలో వచ్చు కాలము చాలవరకు పోయినది. సెల్‌ఫోనులో క్షణములో పంపు శుభాకాంక్షకు పైకము పెట్టి కార్డు కొనువారు కొద్దిమందియే. కనుక కార్డులు చేసి పెట్టుకొని కొనువారికై ఎదురుచూచుట కూడదు. అడిగిన మీదట చేయవలసిన సరుకు వేరుగా నున్నది: పెండ్లి శుభలేఖలు, రూపాయి బిళ్ళ అంటించిన చదివింపుల కవర్లు, బడిపిల్లల బహుమతి పత్రములు, దుకాణము పేరు అచ్చొత్తిన కాగితపు సంచులు. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకంటె పలుచని ప్లాస్టిక్ సంచులు నిషిద్ధములు. నిషేధమును అమలు జరుపుమని దుకాణదారులకు చెప్పవలసిన పంచాయతీయే బదులు సంచి ఎక్కడ దొరకునో కూడ చెప్పగలిగిన మాటకు బలము వచ్చును. అయితే అచ్చొత్తిన ముఖము తినుబండారములకు తగులరాదు. సిరా ఆహారములో చేరును. మందులు, బట్టలు, పుస్తకములు పెట్టు సంచులతో ఆరంభించుట మేలు.

ఇక ధర. 100 కార్డులు చేసిరనుకొందము. కాగితము, కవరు, సిరా కలిసి ఒక్కొక్కదానికి 6 రూపాయల చొప్పున 600 రూపాయలైనది. పది కార్డులు సిరా అలికి పాడైనవి. మిగిలిన 90 కార్డులను పదేసి రూపాయలకు అమ్మిన 900 వచ్చును. ఆరు రూపాయల సరుకు పదికి అమ్మితిమి, కార్డునకు నాలుగు లాభమని సంఘమువారు సంతోషింతురు. నిజమునకు చేతికి మిగిలినది 300 మాత్రమే. ఆ నూరు కార్డులకు పది గంటలు పట్టినచో గంటకు 30 రూపాయల కూలి పడినది. గంటకు 50 రూపాయలైనను గిట్టవలెనన్నచో మొత్తము 1,100 రావలెను. అనగా కార్డు ధర 12 రూపాయల 25 పైసలకు తగ్గరాదు. పాడైన కార్డుల సంఖ్యను, పట్టిన గంటలను రోజువారీ పుస్తకములో వ్రాయని సంఘమునకు ఈ సంగతి ఎన్నటికిని తెలియదు. గది ఇచ్చునపుడు పంచాయతీ విధింపదగిన షరతు ఏదైన నున్నచో ఈ పుస్తకమే.

పంచాయతీ చేయగల మరియొక సాయము తానే మొదటి కొనుగోలుదారు అగుట. గ్రామసభ ఆహ్వానములు, స్వాతంత్ర్య దినోత్సవమున బడిపిల్లలకిచ్చు పత్రములు, కార్యాలయపు కవర్లు ఎటులను కొనవలసినవే. నిబంధనల ప్రకారము ధర విచారించి, సరియైన ధరకు, వ్రాతపూర్వకముగ ఆర్డరు ఈయవలెను. దయతో ఎక్కువ ఇచ్చుటయు, మన ఊరివారే గదా యని తక్కువ ఇచ్చుటయు రెండును పనిని చెరచును. సరుకు చెడినచో త్రిప్పి పంపవలెను. గ్రామములో త్రిప్పి పంపుట కష్టమే. కాని ఊరివారు మొగమాటముతో పుచ్చుకొన్న సరుకును పట్టణపు వ్యాపారి పుచ్చుకొనడు.

చేయరాని అచ్చులు

అచ్చు చెక్కు చేయి ముద్రను కూడ చెక్కగలదు. శిక్షణ మొదటిరోజుననే ఈ మాట విప్పి చెప్పవలెను. ఏ కార్యాలయపు ముద్రను గాని, అధికారి సంతకపు అచ్చును గాని ఆటకైనను చేయరాదు. మోసమునకై దొంగముద్ర చేయుటయు, అట్టిదానిని దగ్గర నుంచుకొనుటయు శిక్షింపదగిన నేరములు. నాలుగు సింహముల రాజ్యచిహ్నము అందముగా నుండునని కార్డులపై వేయువారు కలరు. 2005 నాటి చట్టము ప్రకారము అనుమతి లేక దానిని వ్యాపారమునకు వాడరాదు. పంచాయతీ ఇచ్చిన ఆర్డరైనను సంఘమువారు ఆ చిహ్నమును చెక్కుట కూడదు.

పని ముగిసిన పిదప రబ్బరు అచ్చులను తడిగుడ్డతో తుడిచి, నీడను ఆరనిచ్చి, ముఖము పైకి ఉండునట్లు పెట్టెలో నుంచవలెను. కిరోసిను తగిలిన రబ్బరు ఉబ్బిపోవును. ఎండలో విడిచినచో పగుళ్ళు వారును. ప్రతి అచ్చునకు ఒక అంకె వేసి, ఎవరు తీసికొనిరో, ఎప్పుడు తిరిగి పెట్టిరో వ్రాసికొనవలెను. పంచాయతీ ముద్ర మాత్రము ఆ గదిలోనికి పోరాదు. అది కార్యాలయపు బీరువాలో తాళము వేసి యుండవలెను.