సోయా మాత్రలు, మన తల్లుల ఎముకలు

నెలసరి ఆగిపోయిన తర్వాత ఆడవాళ్ల ఎముకలు గుల్లబారతాయని మనందరం వినేదే. ఇంట్లో పెద్దావిడ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే ఆ ఇల్లంతా మంచాన పడ్డట్టే. ఇలాంటి కష్టంతో సొసైటీ తలుపు తట్టే కుటుంబాలూ ఉంటాయి. ఈ మధ్య ఎముకల బలానికంటూ సోయా ఐసోఫ్లేవోన్ మాత్రల ప్రచారం బాగా పెరిగింది. పేద తల్లులకు అవి కొనిస్తే సదఖా అవుతుంది కదా అని దాతలు అడుగుతుంటారు. ఉద్దేశం మంచిదే. అయితే ఆ డబ్బు ఎముకకు చేరుతుందా లేదా అన్నది చూడాలి.

ఎముక రాయిలాంటిది కాదు. అందులో పాతదాన్ని పడగొట్టే కణాలు, కొత్తది కట్టే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. ఆడవారి శరీరంలోని ఈస్ట్రోజన్ హార్మోను పడగొట్టే కణాలను అదుపులో పెడుతుంది. నెలసరి ఆగాక ఆ హార్మోను పడిపోతుంది, కట్టేదానికంటే కూల్చేది ఎక్కువవుతుంది. మొదటి కొన్నేళ్లలో ఈ నష్టం మరీ వేగం. నొప్పి తెలియదు. మోకాళ్లు సహకరించక కుర్చీలో కూర్చుని నమాజు చేసేవారు తమకున్నది ఎముకల గుల్లదనం అనుకుంటారు కానీ, చాలాసార్లు అది కీళ్ల అరుగుదల. రెండూ వేరు.

కొన్ని మొక్కలలో ఈస్ట్రోజన్‌ను పోలిన పదార్థాలున్నాయి. ఈ సంగతిని లోకానికి గట్టిగా చెప్పినవి గొర్రెలు! 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలు ఈనడం మానేశాయి. గడ్డిలోని పదార్థం వాటి కడుపులో ఈక్వాల్ అనేదిగా మారి హార్మోనులా పనిచేసిందని తర్వాత తేలింది. సోయా తిన్న మనుషుల పేగుల్లోనూ సూక్ష్మజీవులు ఈ ఈక్వాల్‌నే తయారుచేస్తాయి, కానీ అందరిలో కాదు. జపానులో సుమారు సగం మందిలో, పాశ్చాత్య దేశాలలో పావు నుంచి మూడో వంతు మందిలో తయారవుతుంది. ఒకే గిన్నెలో తిన్న అక్కాచెల్లెళ్లకు ఒకే ఫలితం రాకపోవచ్చన్నమాట.

2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన జరుగుతుండగా, హార్మోను మాత్రలు కలిపి వాడినవారిలో ఎముకలు విరగడం తగ్గినా రొమ్ము క్యాన్సరు, గుండెజబ్బు పెరిగాయని ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అప్పటినుంచి మొక్కల ఈస్ట్రోజన్ మీద ఆశ మరింత పెరిగింది. 2007లో ఇటలీలో 389 మందిపై జరిగిన పరీక్షలో రోజుకు 54 మిల్లీగ్రాముల జెనిస్టీన్ తీసుకున్నవారికి రెండేళ్లలో ఎముక సాంద్రత పెరిగింది. 2011లో అమెరికాలోని మయామిలో 248 మందికి రోజుకు 200 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లేవోన్లో, ఉత్తుత్తి మాత్రలో రెండేళ్లు ఇచ్చి చూస్తే ఎముకల విషయంలో తేడా లేదు. పైగా సోయా వాడినవారిలోనే ఒంట్లో ఆవిర్లు, మలబద్ధకం ఎక్కువ కనిపించాయి. ఇదే కోవకు చెందిన ఇప్రిఫ్లేవోన్ అనే కృత్రిమ మందును 474 మందిపై పరీక్షించి 2001లో ఫలితం ప్రకటించారు: ఎముక నష్టం ఆగలేదు, కొందరిలో రక్తంలోని లింఫోసైట్ కణాలు తగ్గాయి. ఇంత అనుమానం ఉన్నచోట దాతల సొమ్ము పెట్టవద్దనే మేము అంటాము.

ఆహారంగా సోయా మాట వేరు. మీల్ మేకర్ చవక, మాంసకృత్తులు దండిగా ఉంటాయి. పిల్లలు దాన్ని ఖీమా అనుకుని తింటే మరీ మంచిది. నువ్వులు, అవిసె గింజలలోనూ ఈ జాతి పదార్థాలున్నాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రకూ సోయాకూ మధ్య కొన్ని గంటల ఎడం పాటించాలి. రొమ్ము క్యాన్సరు వచ్చినవారు డాక్టరును అడగకుండా ఐసోఫ్లేవోన్ మాత్రల జోలికి పోకూడదు.

రంజాన్ కిట్లలో రాగిపిండి చేర్చితే బాగుంటుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అది ఒంటబట్టాలంటే విటమిన్ డి కావాలి, దానికి చర్మంపై ఎండ పడాలి. పర్దా పాటించే మన ఆడవాళ్లకు పెరడో, చాటున్న మేడో ఉంటే సరే. ఇరుకు సందుల్లో, గాలీ వెలుతురూ లేని అద్దె గదుల్లో ఉండేవారికి ఆ వీలెక్కడ? వారికి డాక్టరు సలహాతో విటమిన్ డి ఇప్పించడం ఐసోఫ్లేవోన్ మాత్రలకంటే ఎంతో నయం.

చిన్న దెబ్బకే ఒకసారి ఎముక విరిగినవారికి, వీపు వంగి ఎత్తు తగ్గినవారికి డెక్సా అనే స్కాను చేయించడానికి సాయపడవచ్చు. గుల్లదనం తేలితే అలెండ్రోనేట్ వంటి మందులున్నాయి, ఇవి ఎముకలు విరగడాన్ని తగ్గిస్తాయని రుజువైంది. వారానికొకసారి వేసుకునే ఆ మాత్రను పొద్దున్నే పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట పాటు ఏమీ తినకుండా, నడుం వాల్చకుండా ఉండాలి. ఉపవాసాల నెలలో దాన్ని సహరీకి అరగంట ముందు లేచి వేసుకోవచ్చా అని డాక్టరును ముందే అడిగి పెట్టుకోవాలి.