నోటికి ముందే నేర్పాలి

పదకొండేళ్ల క్రితం మా అమ్మాయి పురుటికని మొదటిసారి అమెరికా బయల్దేరాను. శంషాబాద్‌లో ఎక్కి, గల్ఫ్‌లో విమానం మారి, డాలస్‌లో దిగాలి. రెండో విమానంలో నాది కిటికీ సీటు. పక్కన నలభై ఏళ్ల మనిషి. భోజనాలయ్యాయి, దీపాలు తగ్గించారు. కాసేపటికి అతని చెయ్యి దుప్పటి కింద నుంచి నా తొడ మీదికి వచ్చింది. నిద్రలో జారిందేమో అనుకుని కిటికీ వైపు ఒరిగాను. మళ్లీ వచ్చింది. ఆ తర్వాత నాలుగు గంటలపాటు నేను చేసింది ఒక్కటే. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కాళ్లు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. తల పైనే బెల్లు ఉంది, నొక్కలేదు. అతన్ని దాటుకుని వెళ్లాలి కాబట్టి బాత్రూమ్‌కి కూడా లేవలేదు.

ఇరవై ఆరేళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని. నేను క్లాసులో మాట్లాడితే వరండా చివరిదాకా వినపడేది. ఆ గొంతు ఆ రాత్రి ఏమైపోయింది?

చాలాకాలం నాకు నేను రకరకాల సమాధానాలు చెప్పుకున్నాను. ఇంగ్లీషు సరిగ్గా రాదు. ఈ వయసులో నా మాట ఎవరు నమ్ముతారు. అల్లుడికి తెలిస్తే ఏమనుకుంటాడు. అందరూ నిద్రపోతుంటే గొడవ ఎందుకు. ఇవన్నీ సాకులని ఇప్పుడు తెలుస్తోంది. 'చెయ్యి తియ్యి' అనే మాట యాభై మూడేళ్ల జీవితంలో పరాయి మగవాడితో నేను ఒక్కసారి కూడా అని ఉండలేదు. ఎన్నడూ అనని మాట, గుండె దడదడలాడుతున్నప్పుడు హఠాత్తుగా నోట్లోకి ఎక్కడి నుంచి వస్తుంది?

బ్రిటన్‌లో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఓడలూ విమానాలూ ప్రమాదానికి గురైనప్పుడు మనుషులు ఎలా ప్రవర్తించారో చూసి, ఎక్కువమంది అరవరు, పరుగెత్తరు, కొయ్యబారి కూర్చుండిపోతారని తేల్చారట. అది చదివిన రోజు నేను ఏడ్చాను. నాకు జరిగింది పిరికితనం కాదు, ముందు ఏ సాధనా లేని శరీరం అలాగే చేస్తుంది. అయితే దాన్ని ఓదార్పుగా తీసుకుని ఊరుకోకండి. సాధన లేదని తెలిశాక కూడా సాధన చేయకపోతే, ఆ తప్పు మాత్రం మనదే.

అందుకే ఒక అలవాటు చేసుకున్నాను. దాని గురించి ఎవరు దొరికితే వాళ్లకు చెబుతూనే ఉంటాను. ప్రయాణానికి ముందు మూడు రోజులు, రోజూ తలుపు వేసుకుని అద్దం ముందు నిలబడి పెద్దగా అంటాను: "చెయ్యి తీయండి!" మనసులో అనుకోవడం కాదు, బయటికి, పక్కింటికి వినపడేలా. మొదటిసారి నా నోటి నుంచి వచ్చింది గొణుగుడు. రెండోసారి చివర్లో 'కాస్త' అని చేరింది. ఆ 'కాస్త' ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మన ఆడపిల్లలకు అన్నం కలిపి పెట్టినట్టు మొహమాటం కలిపి పెడతాం. ఎవరి కాలు తొక్కినా మనమే క్షమాపణ చెబుతాం, మన కాలు తొక్కినా మనమే చెబుతాం. 'ఏమీ అనుకోకండి', 'కాస్త', 'కొంచెం' ఈ మూడూ రాలిపోయేదాకా అనాలి. నాకు ఆరేడుసార్లు పట్టింది. ఏడోసారి కడుపులోంచి వచ్చింది.

తెలుగులోనే ఎందుకంటారా? భయంలో ముందు వచ్చేది అమ్మ భాషే. ఆ మనిషికి తెలుగు రాకపోయినా గొంతు అర్థమవుతుంది. చుట్టూ ఉన్న మూడు వరసలవాళ్లూ తలెత్తి చూస్తారు. చీకట్లో చెయ్యి వేసేవాడికి కావలసింది మన మౌనమే, అది తీసేస్తే అతనికి ఇంకేమీ మిగలదు. సిబ్బందితో చెప్పడానికి మాత్రం రెండు ఇంగ్లీషు ముక్కలు బట్టీ పట్టాను: "హీ ఈజ్ టచింగ్ మీ. ఛేంజ్ మై సీట్." వ్యాకరణం చూసుకోవలసిన పని లేదు. అవీ అద్దం ముందే పైకి అని చూసుకోవాలి.

ఆత్మరక్షణ అనగానే కరాటే దెబ్బలు ఊహించుకునే కుర్రవాళ్లు, ఒక్కటి కొట్టొచ్చు కదా అని నన్ను అడుగుతుంటారు. ఒక మనిషి పట్టేంత నడవలో, మూడు వందల మంది మధ్య, దెబ్బలాటకు దిగితే దెబ్బ తగిలేది పక్కవాళ్లకు. అక్కడ రక్షణ అంటే ఈ వరసే: గొంతెత్తడం, మనిషి బొమ్మ ఉన్న బటన్ నొక్కడం, లేచి నిలబడటం, సీటు మార్పించుకోవడం. 2001 డిసెంబరు 22న పారిస్ నుంచి మయామీ వెళ్తున్న విమానంలో బూటులో బాంబు దాచుకున్న మనిషిని బెల్టులతో కట్టిపడేసింది ప్రయాణికులూ సిబ్బందీ కలిసే. కానీ దానికి ముందు అగ్గిపుల్ల వాసన పసిగట్టి, వెతుక్కుంటూ అతని దగ్గరికి వెళ్లి అడిగింది ఒక ఎయిర్‌హోస్టెస్. ఆమె 'నాకెందుకులే' అనుకుని ఉంటే?

అడగడంతో పని అయిపోదు, రాయించాలి. 2022 నవంబరులో న్యూయార్క్ నుంచి ఢిల్లీ వస్తున్న విమానంలో తాగిన మనిషి ఒకడు డెబ్బై దాటిన ఒక స్త్రీ మీద మూత్రం పోశాడని ఆరోపణ వచ్చింది. తాను వద్దంటున్నా అతన్ని ఎదుటికి తెచ్చి రాజీ మాటలు మాట్లాడించారని ఆమె ఫిర్యాదులో రాసింది. ఆ రాసిన కాగితమే తర్వాత అందర్నీ కదిలించింది. అతన్ని అరెస్టు చేశారు, విమాన సంస్థకు మన పౌర విమానయాన నియంత్రణ విభాగం (డీజీసీఏ) 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. 2017లో మన దేశంలో వచ్చిన నిబంధనలు తప్పును మూడు స్థాయులుగా విడదీశాయి. నోటి దురుసుకు మూడు నెలల దాకా, చెయ్యి వేస్తే ఆరు నెలల దాకా, ప్రాణాపాయం కలిగిస్తే రెండేళ్లూ ఆపైనా విమానం ఎక్కనివ్వకుండా నిషేధించవచ్చు. ఇవేవీ వాటంతట అవి జరగవు. ఏ సమయానికి, ఏ సీటులో, ఎవరితో చెప్పానో ఫోన్లో రాసి పెట్టుకోండి. కెప్టెన్‌కి చెప్పమని అడగండి, దిగాక పోలీసులను పిలిపించే అధికారం ఆయనకుంది. నేను మొదటిసారి ఏమీ రాయలేదు. అతని మొహం కూడా ఇప్పుడు గుర్తు లేదు, చొక్కా గళ్లు మాత్రం గుర్తున్నాయి.

నోటికి నేర్పినట్టే చేతులకూ నేర్పాలి. విమానం ఎక్కాక నా సీటు దగ్గర సంచి పెట్టేసి, మళ్లీ లేచి, ముందు ద్వారం దాకా సీట్ల తలలు ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెడతాను. తర్వాత వెనక్కి లెక్కపెడతాను. సీటు వెనక గుడ్డ గరుకు, దాని మీద ప్లాస్టిక్ అంచు, ఒకటి, రెండు, మూడు. ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి. పొగ కమ్మితే కళ్లు పనిచేయవు, నేల మీద వంగి వేళ్లతో లెక్కపెట్టుకుంటూ పోవాలి. 1985లో మాంచెస్టర్‌లో ఇంకా గాల్లోకి లేవని విమానంలో 55 మంది పోయారు, అందులో ఎక్కువమందిని చంపింది పొగే. గ్రీనిచ్ యూనివర్సిటీ వాళ్లు చాలా ప్రమాదాలు తిరగేసి, ద్వారానికి ఐదారు వరసల లోపు కూర్చున్నవాళ్లకు బతికే అవకాశం ఎక్కువని చెప్పారు. మనకు దగ్గరి ద్వారం చాలాసార్లు వెనకే ఉంటుంది. మనం మాత్రం ఎక్కిన ద్వారం వైపే పరుగెత్తుతాం.

సీటులో కూర్చున్నాక కళ్లు మూసుకుని బెల్టు మూడుసార్లు పెట్టి తీస్తాను. కారు బెల్టుకు బటన్ నొక్కాలి, దీనికి మూత పైకి ఎత్తాలి. కంగారులో వేళ్లు కారు బటన్ కోసమే వెతుకుతాయి. నేనే ఒకసారి మామూలుగా దిగేటప్పుడు కూడా అలా వెతుక్కున్నాను.

2024 జనవరి 2న టోక్యో హనేదాలో రన్‌వే మీద ఢీకొని తగలబడిన విమానంలో 379 మంది ఉన్నారు. అందరూ దిగారు. మైకు పనిచేయలేదు, సిబ్బంది మెగాఫోన్లు పట్టుకుని, నోటితో అరిచి నడిపించారు. ఎనిమిది ద్వారాల్లో మూడే వాడగలిగారు. అయినా దాదాపు ఎవరూ పెట్టె కోసం ఆగలేదు. తిరువనంతపురం నుంచి వెళ్లి 2016 ఆగస్టు 3న దుబాయ్‌లో నేలకు తగిలి ఆగిన విమానంలోనూ 300 మందీ బయటపడ్డారు, కానీ పొగలో పై అరలు తెరిచి సంచులు లాగుతున్న మనవాళ్లను ఒక వీడియోలో చూశాను. అందులో పచ్చళ్ల డబ్బా ఉందా, పట్టుచీర ఉందా? నిండు విమానం సగం ద్వారాల్లోంచి 90 సెకన్లలో ఖాళీ కావాలన్నది లెక్క. మీ సంచి ఆ లెక్కలో లేదు. వెనక పసిబిడ్డతో నిలబడ్డ తల్లి ఉంది. పాస్‌పోర్టూ, మందులూ చిన్న సంచిలో మెడకు వేసుకోండి, మిగతావి వదిలేయడం ఇంట్లోనే మనసుకు చెప్పుకోండి.

ఇంకొన్ని తొందరగా చెప్పేస్తాను. బెల్టు దారి పొడుగునా పెట్టుకునే ఉండండి. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం గాలి కుదుపులకు ఊగితే ఒకరు చనిపోయారు, పదుల సంఖ్యలో గాయపడ్డారు. విమానం పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ చెప్పులు విప్పకండి. ఆక్సిజన్ మాస్కు ముందు మీకు, తర్వాత పిల్లలకు. లైఫ్ జాకెట్ లోపల ఊదకండి. 1996లో కొమొరోస్ దగ్గర సముద్రంలో దిగిన విమానంలో అలా ఊదినవాళ్లు నీరు నిండిన కేబిన్‌లో పైకి తేలి బయటికి రాలేకపోయారు. పవర్ బ్యాంకు పై అరలో కాకుండా కళ్ల ముందు ఉంచుకోండి. ఒంటరిగా వెళ్తుంటే నడవ పక్క సీటు అడగండి, కిటికీ అందానికి ఆశపడకండి. మందు ఇస్తున్నారు కదా అని తాగకండి.

రెండో ప్రయాణం గురించి కూడా నిజం చెప్పాలి. అప్పటికి సాధన చేసి ఉన్నాను. ఆ పక్క మనిషి మోచెయ్యి మొదట చేతి పట్టీ దాటింది, తర్వాత వేళ్లు దాటాయి. "చెయ్యి తీయండి!" అన్నాను. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. వేళ్లు వెనక్కి పోయాయి. బటన్ నొక్కాను, బట్టీ పట్టిన రెండు ముక్కలూ చెప్పాను. ఐదు నిమిషాల్లో వేరే వరసలో ఒక పంజాబీ ఆవిడ పక్కన కూర్చోబెట్టారు. తర్వాత అరగంటసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆవిడ నిద్ర చెడగొట్టానని మూడుసార్లు క్షమాపణ చెప్పాను కూడా. మొహమాటం అంత తేలిగ్గా వదలదు. వదిలేదాకా ఆగి మాట్లాడదామంటే ఎప్పటికీ మాట్లాడలేం.

పోయిన నెల మా వదిన ఒంటరిగా డాలస్ బయల్దేరింది. అరవై రెండేళ్లు, ఎన్నడూ విమానం ఎక్కలేదు. మా హాల్లో భోజనాల కుర్చీలు వరసగా వేశాను. వాటిని తాకుతూ లెక్కపెట్టించాను. బెల్లు బటన్ మీద మనిషి బొమ్మ ఎలా ఉంటుందో కాగితం మీద గీసి పాస్‌పోర్టు కవర్లో పెట్టాను. 'చెయ్యి తీయండి' అనమంటే చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకెందుకే ఇవన్నీ, ముసలిదాన్ని" అంది. అప్పుడు ఆ నాలుగు గంటల సంగతి చెప్పాను. పదకొండేళ్లలో ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి. వదిన చాలాసేపు నా వైపు చూసింది. తర్వాత లేచి, చెంగు నడుముకు దోపుకుని, హాలు మధ్యలో నిలబడి అంది. నాలుగోసారికి వీధిలో కుక్క మొరిగింది. ఇంకా రెండుసార్లు అంది.

దిగాక డాలస్ నుంచి ఫోన్ చేసింది. క్షేమంగా చేరానని చెప్పడానికి ముందే, "వెనక్కి ఆరు వరసలే, ముందుకి పదకొండు" అంది.